మంచు తుపాను... ముప్పు గడప లోపలే

2021 ఫిబ్రవరి 15. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో అర్ధరాత్రి దాటి 1.55 గంటలు. మన గడియారంలో అదే రోజు మధ్యాహ్నం 1.25. ఇక్కడ జనం భోజనాలు ముగించుకునే వేళకు అక్కడి విద్యుత్తు వ్యవస్థ పూర్తిగా కుప్పకూలే స్థితికి చేరుకుంది. మరో 4 నిమిషాల 37 సెకన్లు అదే పరిస్థితి కొనసాగి ఉంటే రాష్ట్రంలో అత్యధిక భాగం వారాల తరబడి చీకట్లో మగ్గవలసి వచ్చేదని అధికారులు తర్వాత వెల్లడించారు. ఆ గండం తప్పింది గాని, 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలకు కరెంటు పోయింది. గడ్డకట్టే చలిలో రోజుల తరబడి సరఫరా లేని కుటుంబాలెన్నో. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం ఈ విపత్తులో 246 మంది ప్రాణాలు కోల్పోయారు.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల్లోను, ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వంటి పట్టణాల్లోను తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. బిడ్డలను అక్కడికి పంపి, శీతకాలం వచ్చిందంటే టీవీ ముందు కూర్చునే తల్లిదండ్రులు మన పల్లెల్లోనూ ఉన్నారు. మంచు తుపానులో ప్రమాదం ఆరుబయటే ఉంటుందని, తలుపులు వేసుకుంటే చాలునని వారిలో అనేకుల నమ్మకం. టెక్సాస్ అనుభవం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది.

మంచు తుపాను అంటే...

మనకు తుపాను అంటే బంగాళాఖాతంలో పుట్టి తీరం దాటే వాయుగుండమే. మంచు తుపానుకు సముద్రంతో పని లేదు. ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి దిగివచ్చే అతిశీతల గాలి, దక్షిణం నుంచి వచ్చే తేమగాలితో తలపడినప్పుడు ఇది నేలమీదనే బలపడగలదు. దీని ప్రభావం ప్రధానంగా మూడు రూపాల్లో కనిపిస్తుంది.

మొదటిది హిమపాతం. గంటకు 56 కిలోమీటర్లు, అంతకు మించిన వేగంతో గాలి వీస్తూ, పావు మైలు దూరంలోని వస్తువు కూడా కనిపించని పరిస్థితి మూడు గంటలపాటు కొనసాగితే దానిని అమెరికా వాతావరణ శాఖ బ్లిజార్డ్‌గా పరిగణిస్తుంది. రెండవది గడ్డకట్టే వాన. మేఘం నుంచి నీటిచుక్కగానే పడి, నేలను, చెట్టును, కరెంటు తీగను తాకిన మరుక్షణం గాజుపెచ్చులా అతుక్కుపోతుంది. చూపునకు ఇది సామాన్యమైన వానే. అయితే అరంగుళం మందాన పేరుకున్న మంచు ఒక్కో కరెంటు తీగపై 200 కిలోలకు పైగా బరువు మోపగలదు. మూడవది గాలితో కూడిన చలి. ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే శరీరానికి అది మైనస్ 21 డిగ్రీల చలితో సమానం.

చలి తెలియని రాష్ట్రం

టెక్సాస్ ఎండలకు పేరుపొందిన రాష్ట్రం. అక్కడి ఇళ్లలో, విద్యుత్కేంద్రాల్లో ఏర్పాట్లన్నీ ప్రధానంగా వేడిని దృష్టిలో ఉంచుకుని చేసినవే. అటువంటి చోట 2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు చేరింది. 1949 తర్వాత అక్కడ అంతటి చలి నమోదు కావడం అదే మొదలు. అంతకు ముందే, ఫిబ్రవరి 12న, గవర్నరు రాష్ట్రంలోని 254 కౌంటీలన్నింటికీ విపత్తు పరిస్థితిని ప్రకటించారు.

టెక్సాస్‌లో అత్యధిక భాగానికి విద్యుత్తును నియంత్రించేది ఎర్కాట్ అనే సంస్థ. ఈ గ్రిడ్ దేశంలోని తూర్పు, పశ్చిమ గ్రిడ్‌ల నుంచి వేరుగా నడుస్తుంది. కొరత ఏర్పడినప్పుడు పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చుకోగలిగేది స్వల్పమే. చలి పెరిగి ఇళ్లలో హీటర్ల వాడకం ఉధృతమైన సమయంలోనే ఉత్పత్తి కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి నిలిచిపోయాయి. యంత్రాలు, కొలత పరికరాలు, పైపులు గడ్డకట్టడం ఇందుకు మొదటి కారణం కాగా, సహజవాయువు సరఫరా తగ్గిపోవడం రెండవ కారణమని 2021 నవంబరులో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సంస్థల విచారణ నివేదిక తేల్చింది. టెక్సాస్, పరిసర రాష్ట్రాల్లో కలిపి 1,045 ఉత్పత్తి యూనిట్లు మొరాయించగా, వాటిలో 58 శాతం సహజవాయువుతో నడిచేవే. గాలిమరలు సైతం కొన్ని స్తంభించాయి.

ఇక్కడొక విషవలయం ఏర్పడింది. వాయువు అందక విద్యుత్తు ఆగింది. విద్యుత్తు కోతల వల్ల వాయువును తోడి పంపే యంత్రాలు ఆగాయి. అత్యవసర సేవల జాబితాలో ఆ యంత్రాల పేర్లు లేకపోవడంతో అధికారులు తెలియకనే వాటికి సరఫరా నిలిపివేశారు. గ్రిడ్‌ను కాపాడేందుకు చివరకు 20,000 మెగావాట్ల మేరకు కోత విధించవలసి వచ్చింది. వంతులవారీగా గంటో రెండు గంటలో కోత అనుకున్నది అనేక ప్రాంతాల్లో రెండు మూడు రోజులు సాగింది.

ఇదే రాష్ట్రపు పశ్చిమ కొసన ఉన్న ఎల్ పాసో నగరంలో మాత్రం దాదాపుగా కరెంటు పోలేదు. ఆ నగరం పశ్చిమ గ్రిడ్‌తో అనుసంధానమై ఉంది. పైగా 2011 ఫిబ్రవరిలో ఎదురైన చేదు అనుభవం తర్వాత అక్కడి విద్యుత్కేంద్రాల్లో యంత్రాలకు చలి రక్షణ ఏర్పాట్లు చేశారు. అవే సిఫార్సులు 2011లోనే రాష్ట్రంలోని మిగిలిన విద్యుత్కేంద్రాలకూ అందాయి. అమలు మాత్రం వారి ఇష్టానికే వదిలేశారు. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా రావడానికి ఈ ముందుజాగ్రత్త ఒక ముఖ్య కారణమైంది.

246 మంది ఎలా మరణించారు?

రాష్ట్ర ఆరోగ్య శాఖ ఒక్కొక్క మరణానికి కారణాన్ని పరిశీలించి నివేదిక విడుదల చేసింది. అందులోని వివరాలు ఇవి.

చలికి శరీర ఉష్ణోగ్రత పడిపోవడం: 161 మంది
ఉన్న జబ్బులు ముదరడం: 25 మంది
వాహన ప్రమాదాలు: 22 మంది
కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు: 19 మంది
అగ్నిప్రమాదాలు: 10 మంది
జారిపడటం: 9 మంది

చలికి బలైనవారంతా దారితప్పి మంచులో చిక్కుకున్నవారు కారు. కరెంటు లేని సొంత ఇంటిలో, తమ మంచంపైనే మరణించినవారు వారిలో ఉన్నారు. ఆక్సిజన్ యంత్రం ఆగిపోయినవారు, డయాలసిస్‌కు వెళ్లలేకపోయినవారు జబ్బు ముదిరి కన్నుమూశారు. మృతుల్లో పసిబిడ్డలు మొదలు పండుటాకుల వరకు ఉన్నారు. పరోక్ష మరణాలను కూడా కలిపితే సంఖ్య ఇంతకు రెండింతలు దాటుతుందన్న స్వతంత్ర అంచనాలు సైతం వెలువడ్డాయి.

వాసన లేని విషం

19 మందిని బలిగొన్న కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బొగ్గు, కట్టె, పెట్రోలు, గ్యాసు సరిగా మండనప్పుడు ఇది వెలువడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన పట్టుతో అంటిపెట్టుకుని, శరీరానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి, నీరసం దీని లక్షణాలు. సామాన్య జ్వరంగానో, అలసటగానో భావించి పడుకున్నవారు ఇక లేవరు.

టెక్సాస్‌లో చలికి తాళలేక కొందరు ఆరుబయట వాడవలసిన బొగ్గుల పొయ్యిని ఇంటిలోకి తెచ్చుకున్నారు. మరికొందరు ఇంటికి ఆనుకుని ఉన్న షెడ్డులో కారు ఇంజిన్ నడిపి అందులో కూర్చున్నారు. జనరేటరును వరండాలో పెట్టి నడిపినవారూ ఉన్నారు. షెడ్డు తలుపు తెరిచి ఉంచినా ప్రమాదం తొలగదు. జనరేటరును ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎడంగా ఉంచాలని, ఇంటిలో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే పరికరం తప్పనిసరిగా ఉండాలని నిపుణులు సూచిస్తున్నారు. ఆ పరికరం బ్యాటరీతో కూడా పనిచేసేదై ఉండాలి. లేకుంటే కరెంటు పోయినప్పుడే అది కూడా మూగబోతుంది.

శరీరం చెప్పే సూచనలు

మనిషి శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 37 డిగ్రీలు. అది 35 డిగ్రీలకన్నా తగ్గితే వైద్యులు హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు పుడుతుంది. తర్వాత మాట తడబడుతుంది, నడక తూలుతుంది, మతి స్థిమితం తప్పుతుంది. చివరకు వణుకు ఆగిపోతుంది. వణుకు తగ్గింది గదా అని ఊరట చెందరాదు. వేడి పుట్టించే శక్తి శరీరానికి నశించిందనడానికి అది సంకేతం కావచ్చు. వృద్ధులకు, పసిపిల్లలకు ఈ ముప్పు అధికం.

తడిబట్టలు తీసివేసి, పొడి దుప్పట్లు కప్పి, ముందుగా ఛాతీ, మెడ, తల భాగాలను వెచ్చబరచాలి. స్పృహలో ఉంటే వేడి పానీయం ఇవ్వవచ్చు. మద్యం వెచ్చదనం ఇస్తుందన్నది అపోహ. మద్యం చర్మంలోని రక్తనాళాలను వ్యాకోచింపజేసి, లోపలి వేడిని మరింత వేగంగా బయటకు పంపుతుంది.

వేళ్లు, ముక్కు, చెవులు తిమ్మిరెక్కి పాలిపోతే అది మంచుకాటు. ఆ భాగాన్ని రుద్దరాదు, నిప్పుసెగకు పెట్టరాదు. స్పర్శ తెలియని వేళ్లకు సెగ కూడా తెలియదు గనుక కాలిపోయే ప్రమాదం ఉంది. గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యుని సంప్రదించాలి.

కనిపించని మంచు

అసలు తుపాను రాకముందే, 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున, ఫోర్ట్‌వర్త్ నగరంలోని ప్రధాన రహదారిపై 130కి పైగా వాహనాలు ఒకదానినొకటి ఢీకొన్నాయి. ఆరుగురు మరణించారు. రాత్రి పడిన గడ్డకట్టే వాన రోడ్డుపై పలుచని పొరగా ఏర్పడింది. కింది తారు రంగు పైకి కనిపించడం వల్ల డ్రైవరుకు అది తడిసిన రోడ్డులాగే తోస్తుంది. దీనినే బ్లాక్ ఐస్ అంటారు. పైనా కిందా గాలి ఆడటం వల్ల వంతెనలు, ఫ్లైఓవర్లు మిగిలిన రోడ్డుకన్నా ముందే గడ్డకడతాయి. ఇటువంటి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేయడం, ఒక్కసారిగా స్టీరింగు తిప్పడం ప్రమాదకరం. ప్రయాణం మానుకోవడమే ఉత్తమం.

మంచులో కారు చిక్కుకుంటే దానిని విడిచి నడచి వెళ్లరాదు. గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజిన్ నడిపి హీటరు వాడుకోవాలి. అంతకు ముందు వెనుకనున్న పొగగొట్టం చుట్టూ మంచును తొలగించాలి. లేకుంటే విషవాయువు కారులోకే తిరిగి వస్తుంది. ఒక అద్దాన్ని కొద్దిగా దించి ఉంచాలి.

పగిలిన పైపులు, ఎండిన కుళాయిలు

నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి టెక్సాస్‌లో అసంఖ్యాకంగా ఇళ్లలో గోడల్లోని పైపులు పగిలాయి. మంచు కరగగానే పైకప్పుల నుంచి నీరు ధారకట్టింది. నీటి శుద్ధి కేంద్రాలకు కరెంటు లేక, పగిలిన పైపుల వల్ల ఒత్తిడి తగ్గి, కోటి మందికి పైగా ప్రజలు నీటిని కాచి తాగవలసి వచ్చింది. కాచేందుకు కరెంటు లేనివారి అవస్థ వర్ణనాతీతం.

చలి తీవ్రమయ్యే ముందు కుళాయిని సన్నని ధారగా వదిలి ఉంచడం, సింకు కింది అరల తలుపులు తెరిచి గది వెచ్చదనం పైపులకు తగలనివ్వడం, ఇంటికి నీరు వచ్చే ప్రధాన వాల్వు ఎక్కడుందో తెలుసుకుని ఉండటం వల్ల ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు. అద్దె ఇళ్లలో ఉండేవారు ఆ వాల్వు గురించి ఇంటి యజమానిని ముందుగానే అడగాలి.

రైతుకూ తప్పని నష్టం

టెక్సాస్ దక్షిణ కొసనున్న రియో గ్రాండే లోయలో నారింజ, పంపరపనస జాతి తోటలు కాపుతో ఉండగానే గడ్డకట్టాయి. కూరగాయల పంటలు, పశువులు, పాడి పరిశ్రమ కలిపి వ్యవసాయ రంగానికి 60 కోట్ల డాలర్లకు మించిన నష్టం వాటిల్లిందని అక్కడి వ్యవసాయ విస్తరణ విభాగం అంచనా వేసింది. మొత్తంమీద ఆర్థిక నష్టం 8,000 కోట్ల నుంచి 13,000 కోట్ల డాలర్ల మేర ఉంటుందని డాలస్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు లెక్కకట్టింది. కొరత రోజుల్లో టోకు విద్యుత్తు ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరడంతో, మార్కెట్ ధరను బట్టి చెల్లించే వినియోగదారులకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. 2021 జూన్‌లో టెక్సాస్ ప్రభుత్వం విద్యుత్కేంద్రాలకు చలి రక్షణ ఏర్పాట్లను తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. పదేళ్ల కిందటి సిఫార్సు శాసనంగా మారడానికి ఇంతమంది ప్రాణాలు పోవలసి వచ్చింది.

అలవాటున్న ఊరికీ తప్పలేదు

మంచుకు అలవాటు పడిన ప్రాంతమైనా అజాగ్రత్తకు మూల్యం చెల్లించక తప్పదని 2022 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం చాటింది. క్రిస్మస్ పండుగ ముందు మొదలైన బ్లిజార్డ్ 37 గంటలపాటు సాగింది. అక్కడి విమానాశ్రయంలో నాలుగు అడుగులకు మించి మంచు కురిసింది. ఆ ప్రాంతంలో 47 మంది మరణించారు. కార్లలో చిక్కుకున్నవారు, వేడి లేని ఇళ్లలో ఉన్నవారు, అంబులెన్సు చేరలేక మరణించినవారు వీరిలో ఉన్నారు. వాహనాలపై నిషేధం డిసెంబరు 23 ఉదయం, అప్పటికే ప్రజలు పనులకు బయలుదేరిన తర్వాత ప్రకటించడం విమర్శలకు గురైంది. తుపాను ముదిరాక సహాయక సిబ్బంది వాహనాలే మంచులో కూరుకుపోయాయి.

అదే వారం, డిసెంబరు 26న, అరిజోనా రాష్ట్రంలోని వుడ్స్ కాన్యన్ సరస్సు మనవారికి విషాదం మిగిల్చింది. గడ్డకట్టిన సరస్సుపై నడుస్తుండగా పలక విరిగి, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కుటుంబాలవారు ముగ్గురు నీటిలో మునిగి మరణించారు. తెల్లగా, గట్టిగా కనిపించినంత మాత్రాన మంచుపలక మనిషి బరువు మోయదు. నడవాలంటే స్వచ్ఛమైన మంచు కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలన్నది అక్కడి లెక్క. ఒకేచోట కూడా మందం అంతటా ఒకేలా ఉండదు. స్థానికులు ఎవరూ అడుగుపెట్టని సరస్సుపైకి ఫోటోల కోసమైనా వెళ్లరాదు.

ఇక్కడి నుంచి అడగవలసినవి

తుపాను హెచ్చరిక వెలువడిందని తెలిస్తే ఇక్కడి పెద్దలు ఫోనులో "జాగ్రత్త" అని ఊరుకోక ఈ ప్రశ్నలు వేయడం మేలు. కార్బన్ మోనాక్సైడ్ పరికరం ఉందా, మోగుతోందా? మూడు రోజులకు సరిపడా మంచినీరు, వండనవసరం లేని ఆహారం, మందులు, పసివారికి పాలపొడి ఉన్నాయా? టార్చిలైటు, బ్యాటరీలు ఉన్నాయా? కారులో దుప్పట్లు, ఇంధనం నిండుగా ఉన్నాయా? కరెంటు పోతే వెళ్లగలిగిన ప్రభుత్వ వెచ్చని శిబిరం ఎక్కడుంది? ప్రాణాపాయ స్థితిలో 911, సహాయ శిబిరాల సమాచారానికి 211 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

కరెంటు పోయిన వేళ కుటుంబమంతా ఒకే గదిలో చేరడం, తలుపు సందుల్లో బట్టలు కుక్కడం, పలుచని దుస్తులను పొరలు పొరలుగా ధరించడం ఉపకరిస్తుంది. కొవ్వొత్తికి బదులు టార్చి వాడాలి. ఫోన్ చార్జింగు పొదుపుగా వాడుకోవలసిన సమయంలో ఇక్కడి నుంచి పదేపదే వీడియో కాల్స్ చేయడం సరికాదు. రోజుకు రెండు వేళలు నిర్ణయించుకుని, క్షేమమన్న ఒక్క సందేశంతో సరిపెట్టుకోవాలి. శీతకాలంలో బిడ్డల వద్దకు వెళ్లే తల్లిదండ్రులు తాము వాడే మందులను అదనంగా తీసుకువెళ్లాలి.

మన కుంపటి సంగతి

ఈ పాఠం సముద్రాల ఆవలి వారికే పరిమితం కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి, పాడేరు ప్రాంతాల్లోను, తెలంగాణలోని ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లోను డిసెంబరు, జనవరి మాసాల్లో ఉష్ణోగ్రతలు ఒక్క అంకెకు పడిపోతుంటాయి. రాత్రివేళ తలుపులు బిగించి, గదిలో కుంపటి రాజేసి నిద్రించే అలవాటు నేటికీ ఉంది. పర్యాటకులు సైతం గుడారాల్లో బొగ్గులు వెలిగించుకుంటున్నారు. గాలి ఆడని స్నానాలగదుల్లోని గ్యాసు గీజరు, తుపాను రోజుల్లో అపార్టుమెంటు మెట్ల కింద నడిపే జనరేటరు కూడా ఇదే విషాన్ని వెదజల్లుతాయి. టెక్సాస్‌లో 19 మందిని పొట్టనబెట్టుకున్న వాయువే మన కుంపటిలోనూ పుడుతుంది.

చలి కాచుకోవడం తప్పు కాదు. నిప్పును ఆరుబయట ఉంచుకుని, పడుకునే ముందు పూర్తిగా ఆర్పివేయాలి. కుంపటిని గదిలోకి తేకుండా, దుప్పట్లు, స్వెట్టర్లతోనే వెచ్చబరచుకోవాలి.